గోడ వెనకే ఉన్నా చస్తున్నారంటే తప్పెక్కడ? కవర్ వాడకం మీద చర్చ

#1 మూలమలుపు

షూటింగ్ గేమ్‌లలో "కవర్ తీసుకో" (గోడో పెట్టో అడ్డం పెట్టుకో) అని అందరూ అంటారు. గోడకు ఎంత దూరంలో, ఏ వైపు, ఎంతసేపు అనేది మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈ థ్రెడ్. ముందుగా నేను ఒకే విషయం పెడుతున్నా, మిగతావి మీరు కలపండి. ఆ విషయం మూలకు అతుక్కుపోవడం.

మూల దగ్గర మాటు వేసేటప్పుడు చాలామంది గోడ అంచును భుజంతో రాసుకుంటూ నిలబడతారు. అంచుకు దగ్గరగా ఉంటే భద్రంగా ఉన్నట్టు అనిపిస్తుంది. లెక్క వేస్తే సంగతి తిరగబడుతుంది.

కన్ను ఒంటి మధ్యలో ఉంటుంది, భుజం పక్కకు ఉంటుంది. క్యారెక్టర్ మధ్య నుంచి భుజం చివరికి 25 సెం.మీ. అనుకుందాం (గేమ్‌ను బట్టి కాస్త అటూఇటూ). ఒక మూల ఉంది. అటువైపు ఒకడు అంచుకు 1 మీటరు దూరంలో, ఇటువైపు ఇంకొకడు 4 మీటర్ల దూరంలో. దగ్గరివాడు పక్కకు జరుగుతూ బయటికొస్తున్నాడు. మొదట బయటపడేది అతని భుజం. అప్పటికి అతని కన్ను చూపుగీతకు ఇంకా 25 సెం.మీ. లోపలే ఉంది. దూరంగా ఉన్నవాడి భుజం అతనికి కనబడాలంటే ఆ కన్ను గీతకు ఆరుంపావు సెం.మీ. దాకా రావాలి (25ను 4తో భాగించండి). అంటే సుమారు 19 సెం.మీ. మేర అతను ఎదుటివాడికి కనబడుతూనే ఉంటాడు, అతనికి మాత్రం ఎవరూ కనబడరు. వాలరెంట్ అనే గేమ్‌లో రైఫిల్ చేతిలో ఉంటే పరుగు సెకనుకు 5.4 మీటర్లు. ఆ లెక్కన 19 సెం.మీ. దాటడానికి 35 మిల్లీసెకన్లు (మి.సె.). షిఫ్ట్ నొక్కి నడుచుకుంటూ వస్తే ఇంకా ఎక్కువ.

ఇద్దరూ అంచుకు సమాన దూరంలో ఉంటే ఒకరికొకరు ఒకేసారి కనబడతారు. లేదంటే అంచుకు ఎవరు దూరంగా ఉంటే వాళ్లే ముందు చూస్తారు. మాటు వేసినా, తొంగి చూసినా లెక్క ఇదే. కాబట్టి తొంగి చూడబోయే ముందు రెండు మూడు అడుగులు వెనక్కి వేసి, అక్కడి నుంచి మూలను ముక్కముక్కగా కోసుకుంటూ తిరగండి. ప్రతి ముక్కలో క్రాస్‌హెయిర్ (తెర మధ్యలోని గురి గుర్తు) ముందే అంచు పక్కన, తల ఎత్తులో ఉండాలి.

#2 తొంగిచూపు

లెక్క బాగుంది. కానీ వెనక్కి జరగడం ఊరికే రాదు. గోడకు ఆనుకున్నప్పుడు ఒక్క దిక్కు నుంచే కనబడేవాడు మూడు అడుగులు వెనక్కి వేస్తే పక్క సందు నుంచీ, పైన బాల్కనీ నుంచీ కూడా కనబడతాడు. ఒక యాంగిల్‌లో 35 మి.సె. సంపాదించి రెండు కొత్త యాంగిల్స్‌కు ఒళ్లు అప్పజెప్పడం లాభం కాదు.

నా పద్ధతి: ఎక్కడ నిలబడ్డా ముందు "ఇక్కడికి ఎన్ని చోట్ల నుంచి తూటా రాగలదు" అని లెక్కపెట్టాలి. ఒకటైతే వెనక్కి జరగొచ్చు. రెండైతే రెండోదాన్ని సహచరుడు చూస్తున్నాడా అని అడగాలి. మూడైతే అది కవరే కాదు, చోటు మార్చాలి. మ్యాప్‌లో మంచి కవర్ అని పేరు పడ్డవన్నీ నిజానికి ఒక దిక్కుకే మంచివి.

#3 మూలమలుపు

@తొంగిచూపు ఒప్పుకుంటున్నా. నేను చెప్పింది మిగతా దిక్కులు మూసి ఉన్నాయన్న షరతు మీదే. పక్కలు తెరిచి ఉంటే అంచుకు దగ్గరగానే ఉండాలి, కాకపోతే అక్కడ నిలబడి మాటు వేయకూడదు. చూసి, కాల్చి, లోపలికి పోవాలి.

#4 128టిక్

మూలమలుపు గారు చెప్పింది జ్యామితి. దానికి నెట్‌వర్క్ కలిపితేనే "గోడ వెనక్కి వచ్చాక చచ్చాను" అనే గోల అర్థమవుతుంది.

ముందు బయటికొచ్చేవాడి లాభం. ఇద్దరి పింగ్ (సమాచారం సర్వర్‌కు వెళ్లి తిరిగి వచ్చే సమయం) 30 మి.సె. అనుకోండి. అతను బయటికి అడుగేసిన సమాచారం సర్వర్‌కు చేరడానికి 15. 128 టిక్ సర్వర్‌లో (సెకనుకు 128 సార్లు ఆటను లెక్కగట్టేది) ఒక టిక్ దాదాపు 8 మి.సె. (వాలరెంట్ సర్వర్లు 128 టిక్‌వే. కౌంటర్-స్ట్రైక్ గేమ్ సీఎస్:గోలో అధికారిక మ్యాచ్‌లు 64 టిక్‌తో జరిగేవి, అంటే దాదాపు 16.) అక్కడి నుంచి మాటు వేసినవాడికి ఇంకో 15. కదలిక నునుపుగా కనబడాలని గేమ్ కొద్దిగా ఆపి చూపిస్తుంది, దానికి ఇంకో 8 వేసుకోండి. మొత్తం 46. అంత సేపు అతను ఎదుటివాణ్ని చూస్తూనే ఉంటాడు, ఎదుటివాడికి మాత్రం ఖాళీ మూలే కనబడుతుంది. సెకనుకు 5.4 మీటర్ల పరుగులో 46 మి.సె. అంటే పావు మీటరు, సరిగ్గా ఒక భుజం. జ్యామితి ఇచ్చిన 35 మి.సె.ను నెట్‌వర్క్ ఇలా మింగేస్తుంది. ఇక అంచుకు అతుక్కుని మాటు వేసినవాడైతే రెండు విధాలా ఓడినట్టే.

ఇప్పుడు గోడ వెనక చావు. ఈసారి ఇద్దరి పింగ్ 60 అనుకుందాం. మీరు లోపలికి దూరారు. అది అతని తెరమీద కనబడేసరికి 30 + 8 + 30 + 8, అంటే 76 మి.సె. ఆ ఆఖరి క్షణంలో అతను కాల్చాడు. "అతను కాల్చినప్పుడు అతని తెరమీద ఏం కనబడింది" అని సర్వర్ వెనక్కి వెళ్లి చూసి తగిలిందంటుంది. ఆ తీర్పు మీకు చేరేసరికి ఇంకో 68. మొత్తం 144 మి.సె. అప్పటికి మీరు గోడ లోపల ముప్పావు మీటరు దాటి ఉన్నారు. మోసం జరగలేదు, అతని తెరమీద మీరు ఇంకా బయటే ఉన్నారు.

దీన్నుంచి తీసుకోవాల్సింది ఒక్కటే. లోపలికి దూరి అంచు దగ్గరే ఆగకండి. చూపుగీత దాటాక ఇంకో మీటరు పోయేదాకా పరుగు ఆపొద్దు, రీలోడ్ నొక్కొద్దు. దూరుతూ కూర్చోవడం అంతకన్నా చెడ్డది, వేగం పడిపోయి బయట ఉండే సమయం పెరుగుతుంది.

#5 బుల్లెట్ బాబ్జీ

అంటే పింగ్ ఎక్కువున్నవాడికే లాభం అన్నమాట! రేపట్నుంచి డౌన్‌లోడ్ పెట్టి ఆడతా 😄

#6 128టిక్

@బుల్లెట్ బాబ్జీ బయటికొచ్చేటప్పుడు కొంత లాభమే బ్రో. కానీ ఎవరైనా మీ మీదికి వచ్చినప్పుడు అంతే ఆలస్యంగా మీకు కనబడతారు, దూరినా దూరనట్టే అవుతుంది. పైగా సర్వర్ ఎంత వెనక్కి వెళ్లి చూడాలన్నదానికి చాలా గేమ్‌లలో హద్దు ఉంటుంది. అది దాటితే మీ తూటాలే లెక్కలోకి రావు. డౌన్‌లోడ్ పెడితే పెరిగేది పింగ్ ఒక్కటే కాదు, ప్యాకెట్లు కూడా పోతాయి.

#7 ఏకే ఏకాంబరం

బయటికి రావడం గురించి సీఎస్2 (కౌంటర్-స్ట్రైక్ 2) వైపు నుంచి చెప్తా. కవర్ నుంచి రావడం వేరు, వచ్చి గురిగా కాల్చడం వేరు. రెండోది రానివాడికి ఎంత మంచి గోడ దొరికినా దండగే.

కత్తి చేతిలో ఉంటే వేగం సెకనుకు 250 యూనిట్లు (గేమ్ లోపలి కొలత), ఎం4ఏ4 రైఫిల్‌తో 225, ఏకే రైఫిల్‌తో 215, ఏడబ్ల్యూపీ స్నైపర్‌తో 200. తూటా గురి మీద పోవాలంటే ఆ గన్ పూర్తి వేగంలో 34 శాతం కిందికి దిగాలి. ఏకేకి అది 73 యూనిట్లు. కీ వదిలేసి ఊరుకుంటే జారుతూ ఆగుతుంది, ఆ జారే సేపు తూటాలు గాల్లోకే. అందుకే ఎదురు కీ:

డి (కుడికి కదిపే కీ) నొక్కి కుడికి వచ్చారు. డి వదలండి. వెంటనే ఏ కీ (ఎడమకు కదిపేది) ఒక్కసారి తట్టండి. వేగం సున్నాకు పడే ఆ క్షణంలో కాల్చండి. ఏ వదిలేయండి.

తప్పులు మూడు చోట్ల జరుగుతాయి. డి వదలకముందే ఏ నొక్కితే రెండు కీలూ కాసేపు కలిసి పడతాయి, ఆగడం ఆలస్యమవుతుంది. ఏ ఎక్కువసేపు పట్టుకుంటే ఎడమకు పరుగు మొదలై మళ్లీ గురి చెడుతుంది. మూడోది అందరికీ ఉన్న జబ్బు: వేగం తగ్గకముందే భయంతో ట్రిగ్గర్ నొక్కేయడం. మొదటి తూటా గోడకు పోతుంది, రికాయిల్ (గన్ పైకి ఎగరడం) అప్పుడే మొదలవుతుంది, మిగతా తూటాలన్నీ నెత్తి మీదుగా పోతాయి. కీబోర్డే ఈ పని చేసిపెట్టే ఫీచర్ మీద 2024 ఆగస్టులో ఈ గేమ్ తయారీ కంపెనీ వాల్వ్ నిషేధం పెట్టింది, కాబట్టి వేళ్లకే నేర్పాలి. వాలరెంట్‌లో కీ వదిలినా తొందరగానే ఆగుతారు, అక్కడ ఇంత కసరత్తు అక్కర్లేదు.

ఇక తొంగి చూడటంలో రకాలు. సమాచారం కోసమైతే భుజం మాత్రం బయటపెట్టి వెంటనే లాగేయాలి. ఏడబ్ల్యూపీవాడు మాటు వేసి ఉంటే ఈ భుజమే ఎర. అతను కాల్చి తప్పాడా, మళ్లీ కాల్చడానికి దాదాపు 1.45 సెకన్లు పడుతుంది. బయటికి రావాల్సింది ఆ లోపే. చంపడానికి వస్తుంటే మాత్రం వెడల్పుగా రండి. మాటు వేసినవాడి క్రాస్‌హెయిర్ అంచు పక్కనే ఉంటుంది, దాన్ని దాటి రెండు మీటర్ల అవతల తేలితే అతను మౌస్ జరపాల్సి వస్తుంది. అన్నిటికన్నా చెడ్డది ఈ రెండింటి మధ్యది: సగం బయటికొచ్చి ఆగి చూడటం. సరిగ్గా అతని క్రాస్‌హెయిర్‌లో నిలబడినట్టు.

#8 కుడిభుజం

ఇప్పటిదాకా అంతా ఫస్ట్ పర్సన్ గురించే. థర్డ్ పర్సన్‌లో ఈ లెక్కలు సగం మారిపోతాయి, ఎందుకంటే కన్ను తలలో ఉండదు. కెమెరా వీపు వెనక, కుడి భుజం మీద ఉంటుంది.

ఫోర్ట్‌నైట్‌లో, పబ్జీ థర్డ్ పర్సన్‌లో కవర్ మీకు ఎడమపక్కన ఉండి, కుడి అంచు నుంచి తొంగి చూస్తే కెమెరా ముందు బయటికి వస్తుంది, ఒళ్లు తర్వాత వస్తుంది. ఎడమ అంచు నుంచైతే ఒళ్లు మొత్తం బయటికి వచ్చాక గానీ కెమెరాకు ఏమీ కనబడదు. అందుకే చెట్టో బండరాయో దొరికితే కుడివైపు నుంచి కాల్చేలా నిలబడాలి. శత్రువు చుట్టూ తిరుగుతుంటే మీరూ చెట్టును ఎడమపక్కన ఉంచుకునే తిరగాలి. పబ్జీలో ఎడమకు ఒరిగితే (లీన్) కెమెరా ఎడమ భుజం మీదికి మారుతుంది కాబట్టి కొంత నయం.

రెండోది, థర్డ్ పర్సన్‌లో చూడటానికి బయటికి రావాల్సిన పనే లేదు. గోడ వెనక పూర్తిగా దాక్కుని కెమెరా తిప్పి రోడ్డంతా చూడొచ్చు. ఎదురుగా వచ్చేవాడికి ఈ సౌకర్యం ఉండదు. అందుకే ఈ గేమ్‌లలో ముందు కవర్ చేరినవాడిదే పైచేయి, బయటినుంచి వచ్చేవాడు కెమెరాలో అప్పటికే దొరికిపోయి ఉంటాడు. ఇది నచ్చనివాళ్ల కోసమే పబ్జీలో 2017లో ఫస్ట్ పర్సన్ సర్వర్లు వేరుగా పెట్టారు.

#9 నిశ్శబ్దం

కుడి అంచు సూత్రం ఫస్ట్ పర్సన్‌లోనూ పనిచేస్తుందని కొందరు అంటారు, గన్ కుడిచేతిలో ఉంటుంది కదా అని.

#10 కుడిభుజం

పనిచేయదు. సీఎస్‌లో, వాలరెంట్‌లో కెమెరా ఒంటి మధ్యలోనే ఉంటుంది. చేతిలో కనబడే గన్ తెరమీద కుడివైపు కొంచెం జాగా కప్పేస్తుంది, అంతే. సీఎస్2లో 2024 నుంచి చేయి మార్చుకునే కీ ఉన్నది అందుకే. అది చూపు కోసం, కవర్ కోసం కాదు.

#11 మూతి ముందు గోడ

తూటా ఎక్కడి నుంచి బయల్దేరుతుందన్నది చాలామంది పట్టించుకోరు. సీఎస్, వాలరెంట్, రెయిన్‌బో సిక్స్ సీజ్‌లలో తూటా కంటి నుంచే బయల్దేరుతుంది. గన్ మూతి గోడలో దూరినట్టు కనబడినా క్రాస్‌హెయిర్ పడ్డచోట తగులుతుంది. పబ్జీలో, టార్కోవ్‌లో గన్ మూతి నుంచి వస్తుంది. అక్కడ అరగోడ వెనక నిలబడి స్కోప్‌లో శత్రువు తల స్పష్టంగా కనబడుతున్నా, కంటికన్నా కింద ఉన్న గన్ మూతికి గోడ అంచు అడ్డం ఉంటే తూటాలన్నీ మీ ముందు గోడలోనే దిగుతాయి. అవతలివాడికి చప్పుడు వినిపించి మీ చోటు తెలిసిపోతుంది, అదీ ఉచితంగా.

పరిష్కారం తేలికే. అరగోడకు అంటుకోకుండా అడుగు వెనక్కి జరగండి, లేదా గోడ పైనుంచి కాకుండా పక్క నుంచి కాల్చండి. కిటికీలోంచి కిందికి కాల్చేటప్పుడు ఇదే ఇబ్బంది తిరగబడి వస్తుంది: వెనక్కి జరిగితే కిటికీ చట్రం అడ్డం, ముందుకు వస్తే ఒళ్లంతా బయట.

ఇంకోటి. తూటా కంటి నుంచి వచ్చే గేమ్‌లలో కూడా ఎదుటివాడికి కనబడే బొమ్మలో గన్ ముందుకు పొడుచుకుని ఉంటుంది. అంచు దగ్గర గోడకేసి తిరిగి నిలబడితే గన్ మూతి అవతలికి తేలి పట్టిస్తుంది. నీడలు పడే మ్యాప్‌లో నీడ కూడా అంతే.

#12 పొగబాంబు

కవర్ అనగానే అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. చూపును ఆపేవి కొన్ని, తూటాను ఆపేవి కొన్ని. పొగ, పొద, గడ్డి, పల్చటి చెక్క తలుపు చూపునే ఆపుతాయి. పొగలో నిలబడి రీలోడ్ చేస్తే పొగలోకి గుడ్డిగా చల్లినవాడికి తల అప్పగించినట్టే.

గేమ్‌ల వారీగా:

సీఎస్‌లో గోడ ఏ పదార్థంతో చేసింది, ఎంత మందం, గన్ ఏది అన్నదాన్ని బట్టి తూటా అవతలికి పోతుంది. డస్ట్2 మ్యాప్ మధ్యభాగంలోని తలుపుల వెనక పరుగెత్తేవాళ్లను తలుపుల మీదుగానే కాల్చడం అందరికీ తెలిసిందే. కొత్త మ్యాప్‌లో పదార్థం తెలియకపోతే చెక్కను, పల్చటి రేకును నమ్మకండి, కాంక్రీటు మందపు గోడను నమ్మండి.

వాలరెంట్‌లో గన్‌కు గోడ దూరే శక్తి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు స్థాయిలు. ఓడిన్, ఆపరేటర్, షెరిఫ్ ఎక్కువలో ఉన్నాయి, వాండల్, ఫాంటమ్ మధ్యస్థంలో. ఎదుటి జట్టులో ఎవరో ఓడిన్ కొన్నారని స్కోర్‌బోర్డ్‌లో కనబడితే ఆ రౌండ్‌లో అలవాటైన పెట్టె వెనక నిలబడకండి. స్కోర్‌బోర్డ్ చూడటం కూడా కవర్ వాడకంలో భాగమే.

సీజ్‌లో సంగతి ఇంకా ఘోరం. మామూలు గోడ కాగితం కిందే లెక్క, తూటాలూ పోతాయి, బొక్కా పడుతుంది. రీఇన్‌ఫోర్స్ చేసిన (బలపరిచిన) గోడ మాత్రం తూటాలను ఆపుతుంది. అదీ థర్మైట్, హిబానా, ఏస్, మావెరిక్ వంటి గోడ పగలగొట్టే క్యారెక్టర్లు వచ్చేదాకే. అక్కడ కవర్ అనేది రౌండ్ మొదట్లో ఒకటి, రెండు నిమిషాల తర్వాత ఇంకొకటి.

బ్యాటిల్‌ఫీల్డ్ బ్యాడ్ కంపెనీ 2 (2010)లో అయితే ఇల్లే నెత్తి మీద కూలేది. ఇంట్లో దాక్కున్నవాణ్ని వెతకడం మానేసి గోడలు పేల్చేసేవాళ్లు.

#13 రీలోడ్ రాజు

పబ్జీలో కారు చాటు గురించి ఎవరూ ఎత్తలేదేం? సగం చావులు అక్కడే. కారు వెనక బోర్లా పడుకుంటే కింద సందులోంచి తూటాలు వస్తాయి. కూర్చుంటే అద్దాల ఎత్తులో తల. చక్రం వెనక కూర్చోవడం ఒక్కటే కాస్త మేలు. ఎటూ కదలలేని చోట ఇరుక్కుంటే మీ కారు టైర్లు మీరే కాల్చేసుకోండి, కారు కిందికి కుంగి సందు తగ్గుతుంది. తర్వాత ఆ కారు పరుగుకు పనికిరాదన్నది గుర్తుంచుకుని చేయండి.

కారు పొగలు కక్కడం మొదలుపెడితే దాని వెనక ఉండొద్దు, పేలితే పక్కనున్నవాళ్లూ పోతారు. తమాషా ఏమిటంటే ఒకసారి పేలి కాలిపోయిన కారు మళ్లీ పేలదు. మైదానంలో అదే మంచి కవర్.

#14 ఏకే ఏకాంబరం

@రీలోడ్ రాజు పేరు పెట్టుకున్నందుకైనా రీలోడ్ సంగతి చెప్పన్నా.

#15 రీలోడ్ రాజు

చెప్తా. వాండల్ రీలోడ్ 2.5 సెకన్లు. ఆ సేపట్లో రైఫిల్ పట్టుకున్న శత్రువు 13.5 మీటర్లు పరుగెత్తగలడు. అంటే మీ కవర్‌కు 13 మీటర్ల లోపు శత్రువు ఉండి, మీరు రీలోడ్ చేస్తున్న చప్పుడు అతనికి వినిపిస్తే, గోడ ఉన్నా లేనట్టే. అంత దగ్గర్లో పిస్టల్ తీయండి, లేదా మ్యాగజైన్‌లో 8 తూటాలున్నా వాటితోనే మాటు వేయండి. అరడజను తూటాలు వాడగానే వేలు ఆర్ (రీలోడ్ కీ) మీదికి పోయే అలవాటు చంపినన్ని తలలు ఏ స్నైపరూ చంపి ఉండడు.

ఎపెక్స్ అనే గేమ్‌లో షీల్డ్ సెల్‌కు (కవచాన్ని కొంత నింపేది) 3 సెకన్లు, బ్యాటరీకి (కవచాన్ని పూర్తిగా నింపేది) 5, మెడ్‌కిట్‌కు (ప్రాణం నింపేది) 8. కవర్ ఎంచుకునేటప్పుడే "ఇక్కడ 5 సెకన్లు దొరుకుతాయా" అని చూసుకోవాలి. దొరకవనిపిస్తే సెల్ వేసుకుని పోరాటంలోకి రండి. బ్యాటరీ సగంలో ఆపేస్తే ఏమీ దక్కదు, టైమే పోతుంది.

#16 తొంగిచూపు

ఎపెక్స్ మాట వచ్చింది కాబట్టి ఒక పాత తగువు తేలుద్దాం. పెట్టె మీద తల మాత్రమే తేలేలా నిలబడటం మంచిదా కాదా? ఒకళ్లు అదే ఉత్తమం అంటారు, ఇంకొకళ్లు అదే చావు అంటారు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వేర్వేరు గేమ్‌ల గురించి. వాలరెంట్‌లో వాండల్ తలకు 160 డ్యామేజ్, అది ఎంత దూరమైనా అంతే. ఒంట్లో 100, పెద్ద కవచంతో ఇంకో 50, మొత్తం 150. ఒక్క తూటా చాలు. సీఎస్‌లో ఏకే హెల్మెట్ మీదా అంతే. అలాంటి గేమ్‌లో ఎదుటివాడికి తల ఒక్కటే చూపించడం అంటే "ఇక్కడే కాల్చు" అని చెప్పినట్టు. ఛాతీ కూడా కనబడితే కనీసం కంగారులో ఛాతీకి కాల్చే అవకాశమైనా ఉండేది. ఎపెక్స్‌లో తలకు తగిలినా మామూలు తూటా ఒక్కదానితో పడిపోరు, పైన షీల్డ్ కూడా ఉంటుంది. అక్కడ కనబడే ఒళ్లు తగ్గించుకోవడం ఎప్పుడూ లాభమే. కాబట్టి ఏ గేమ్‌కైనా ముందు ఒక్క ప్రశ్న: తలకు ఒక తూటాతో చస్తారా? చస్తే అరగోడ పైనుంచి ఆడొద్దు, నిలువు అంచు పక్క నుంచి ఆడండి.

#17 మూలమలుపు

దీనికి చిన్న చేర్పు. అరగోడే గతి అయితే ఒకే చోట లేచి కూర్చుని లేవొద్దు. మొదటిసారి లేచినచోటే రెండోసారీ లేస్తారని అవతలివాడు క్రాస్‌హెయిర్ అక్కడే ఆనించి ఉంటాడు. కూర్చునే రెండు మూడు అడుగులు జరిగి లేవండి. మూడోసారి ఆ గోడ దగ్గరే లేవకండి. కవర్ వెనక తెలిసిపోయినవాడి మీదికి ఎలాగూ గ్రెనేడ్ బయల్దేరే ఉంటుంది. సీఎస్‌లో మొలొటోవ్ (మంట పుట్టించే గ్రెనేడ్) 7 సెకన్లు కాలుతుంది, అంతసేపు అందులో నిలబడి బతకరు. చేతిలో పొగ ఉంటే కాళ్ల దగ్గర పడేయండి, మంట ఆరిపోతుంది. లేదంటే మంట రాకముందే ఎటు పోవాలో అనుకుని ఉండాలి. పోయే దారి లేని కవర్‌ను రౌండ్ చివరి 10 సెకన్లలో తప్ప వాడకండి.

#18 జంటగన్

ఒంటరి ఆటే మాట్లాడుతున్నారు అందరూ. జట్టులో ఆడేవాళ్లకు కవర్ విషయంలో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇద్దరు ఒకే పెట్టె వెనక చేరడం. ఒక గ్రెనేడ్‌కు ఇద్దరు. పైగా ఇద్దరూ ఒకే దిక్కు నుంచి కాలుస్తారు, శత్రువుకు ఒక్క గోడ చాలు.

ఇద్దరూ వేర్వేరు కవర్ల వెనక, శత్రువు దగ్గర నిలబడి చూస్తే మధ్యలో 90 డిగ్రీలకు దగ్గరగా కోణం పడేలా నిలబడాలి. ఒకరి నుంచి దాక్కుంటే రెండోవాడికి కనబడేంత కోణం. తొందరపడి ఎవరూ కాల్చకూడదు, శత్రువు ఇద్దరి మధ్యకు వచ్చేదాకా ఆగాలి. ఇక్కడ పోయేది ఓపిక దగ్గరే: దగ్గరున్నవాడు ముందే కాల్చేస్తాడు, శత్రువు వెనక్కి తగ్గుతాడు, రెండోవాడి చోటు దండగైపోతుంది. సరైన వరుస ఏమిటంటే దూరంగా ఉన్నవాడు ముందు కాల్చాలి, శత్రువు అటు తిరిగాక దగ్గరున్నవాడు బయటికి రావాలి.

ఇద్దరు కలిసి మూల దాటేటప్పుడు ఒకడు కూర్చుని, ఒకడు నిలబడి ఒకేసారి రావడం మంచిది. ఒకరి వెనక ఒకరు సెకను తేడాతో వస్తే ఒక్కొక్కర్నీ విడిగా ఏరేస్తారు.

#19 బుల్లెట్ బాబ్జీ

గేర్స్ లాంటి అంటుకునే కవర్ గేమ్‌లకు కూడా ఇవే సూత్రాలా?

#20 కుడిభుజం

సగమే. బటన్ నొక్కితే గోడకు అతుక్కునే పద్ధతి 2003 కిల్.స్విచ్‌లో ఉంది, 2006లో గేర్స్ ఆఫ్ వార్ వచ్చాక ఊరంతా పాకింది. సింగిల్ ప్లేయర్‌లో అతుక్కుని కూర్చుంటే సరిపోతుంది. మల్టీప్లేయర్‌లో అలా కూర్చున్నవాడు సులువుగా దొరికే మాంసం. గేర్స్ మల్టీప్లేయర్‌లో కవర్ అంటే దాక్కునే చోటు కాదు, వేగం పుట్టే చోటు: గోడ వైపు జారి, పూర్తిగా అతుక్కోకముందే వెనక్కి తగ్గి, ఇంకో గోడకు జారడం. పరుగు కన్నా ఆ జారుడే వేగం. గేర్స్ 4 (2016) నుంచి గోడ అవతల అతుక్కున్నవాణ్ని చేయి చాచి ఇవతలికి లాగేయొచ్చు కూడా.

అంటుకునే కవర్‌లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇది: పరుగెత్తడానికీ అతుక్కోవడానికీ ఒకే బటన్. పక్కనుంచి పారిపోవాలనుకున్నవాడు పెట్టెకు అతుక్కుపోతాడు. మందు ఏమిటంటే పెట్టెల పక్కనుంచి పరుగెత్తేటప్పుడు కెమెరాను ఖాళీ వైపు తిప్పి ఉంచడం, పెట్టె వైపు స్టిక్ తోయకపోవడం. డివిజన్ అనే గేమ్‌లో అయితే తర్వాతి కవర్ మీద గురి పెట్టి బటన్ పట్టుకుంటే క్యారెక్టరే అక్కడికి పరుగెత్తుతుంది. సౌకర్యమే గానీ దారి మధ్యలో నేరుగా, ఊహించగలిగేలా పరుగెత్తుతుంది. ఎదుట మనిషి ఉన్నప్పుడు ఆ బటన్ వాడకుండా మీరే వంకరగా పరుగెత్తండి.

#21 బొటనవేలు

మొబైల్‌వాళ్లకు నాలుగు మాటలు. పబ్జీ మొబైల్ సెట్టింగ్స్‌లో పీక్ అండ్ ఫైర్ (తొంగి చూసి కాల్చే సదుపాయం) ఆన్ చేసుకోండి. పీక్ మోడ్‌లో ట్యాప్, హోల్డ్, రెండూ కలిసినది అని మూడు ఉంటాయి. హోల్డ్ పెట్టుకుంటే వేలు తీయగానే లోపలికి వచ్చేస్తారు. ట్యాప్‌లో ఇంకోసారి నొక్కాలి, కంగారులో అదే మర్చిపోయి తల బయటే ఉంటుంది. పీక్ నొక్కగానే స్కోప్ తెరుచుకునే ఆప్షన్ కూడా అక్కడే ఉంది, దగ్గర పోరాటాలకు అది ఆపేయడమే మేలు. రెండు బొటనవేళ్లతో ఆడితే పీక్, ఫైర్, గురి మూడూ ఒకేసారి కుదరవు. అందుకే మూడో వేలికి పీక్ ఇవ్వాలి, లేదా గురిని గైరోస్కోప్‌కు వదిలేయాలి.

ఫ్రీ ఫైర్‌లో గ్లూ వాల్ (విసరగానే లేచే గోడ) వేసేవాళ్లు దాన్ని ముఖానికి ఆనించి వేసుకుని వెంటనే అంచునుంచి తొంగి చూస్తారు. #1లో చెప్పిన తప్పు అదే. వాల్ వేశాక అడుగు వెనక్కి, ఏ అంచు నుంచి వస్తారో శత్రువు ఎదురుచూస్తుంటే రెండో అంచు నుంచి.

#22 నిశ్శబ్దం

#1లోని లెక్కను గేమ్‌లోనే సరిచూసుకునే మార్గం ఏదైనా ఉందా? సెంటీమీటర్లు నమ్మడం కష్టంగా ఉంది.

#23 మూలమలుపు

ఉంది. ఇద్దరు కావాలి, పావుగంట చాలు. కస్టమ్ మ్యాచ్ పెట్టి నిలువు అంచున్న గోడ ఒకటి ఎంచుకోండి. ఒకళ్లు అంచుకు ఒక అడుగు దూరంలో, ఇంకొకళ్లు నాలుగైదు అడుగుల దూరంలో. దగ్గరున్నవాళ్లు షిఫ్ట్ నొక్కి ఒక్కో తట్టుకు కొంచెం చొప్పున బయటికి జరగాలి. ప్రతి తట్టుకూ ఇద్దరూ ఆగి "కనబడ్డావు" లేదా "లేదు" అని చెప్పాలి, చేతిలో గన్ తీసి కత్తి పట్టుకోవాలి, లేకపోతే గన్ మూతి ముందే కనబడి లెక్క పాడవుతుంది. దూరంగా ఉన్నవాళ్లు రెండు మూడు తట్లు ముందే "కనబడ్డావు" అంటారు. తర్వాత చోట్లు మార్చుకుని మళ్లీ చేయండి. ఆఖరున దగ్గరున్నవాళ్లు కూర్చుని ఒకసారి చేయండి. కూర్చుంటే భుజం ఎత్తు మారుతుంది గానీ ఈ తేడా పోదని తెలుస్తుంది.

#24 128టిక్

ఆ పరీక్ష అయ్యాక అదే మూలలో పూర్తి పరుగుతో ఇంకోసారి చేసి, ఇద్దరి తెరలూ రికార్డు చేసి పక్కపక్కన పెట్టుకోండి. ఈసారి ఎవరు ముందు చూశారో ఫ్రేములు లెక్కపెట్టొచ్చు. 60 ఫ్రేములతో రికార్డు చేస్తే ఒక్కో ఫ్రేము 16.7 మి.సె., 46 మి.సె. అంటే దాదాపు మూడు ఫ్రేములు. రెండు వీడియోలనూ ఒకే క్షణానికి సరిపెట్టడానికి తెరమీది రౌండ్ గడియారం సెకను మారే ఫ్రేమును వాడకండి, అది రెండు యంత్రాల్లో కొంచెం తేడాగా మారుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే ఫోన్‌తో రెండు మానిటర్లనూ వీడియో తీయడం మేలు.

#25 బుల్లెట్ బాబ్జీ

రెండు మానిటర్లు ఒకే గదిలో ఉంటే పింగ్ ఇద్దరికీ ఒకటే కదా?

#26 128టిక్

దాదాపు ఒకటే. అందుకే ఆ పరీక్షలో వచ్చిన తేడాను ఒకరి మంచి నెట్ మీదికి నెట్టలేరు. ముందు ఆ కొలత తీసుకోండి, తర్వాత ఒకరి లైన్ మార్చి మళ్లీ చేయండి.